పక్క పళ్ల బలం

పన్ను పీకించుకుని వచ్చినవాళ్లు మా వైపు ఒక మాట అంటారు: "పోతే పోయిందిలే, పీడ విరగడైంది." నొప్పి విరగడైన మాట నిజమే. ఆ తర్వాత నోట్లో జరిగేది నెమ్మదిగా జరుగుతుంది, నొప్పి పెట్టదు, అద్దంలోనూ సరిగా కనపడదు. అందుకే ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోరు.

కింది దవడ పన్ను ఒకటి పోయిందనుకోండి. దాని వెనక పన్ను కొంచెం కొంచెంగా ఆ ఖాళీలోకి ఒరుగుతుంది. పై వరసలో దానికి జోడీగా ఉన్న పన్ను, ఆనడానికి ఏమీ లేక కిందికి జారుతుంది. పళ్లు ఎంత వయసొచ్చినా కదలగలవు. పక్క పన్ను, ఎదురు పన్ను నిలువరించబట్టే చోటున ఉంటాయి. వరస చెదిరితే సందులు పడతాయి, ఆ సందుల్లో మాంసం పీచో పప్పు బద్దో ఇరుక్కుంటుంది, అక్కడే కొత్త పుచ్చు మొదలవుతుంది. అడుగున ఎముక సంగతి ఇంకా చిత్రం. నమిలినప్పుడల్లా పంటి వేరు చుట్టూ ఉన్న ఎముకను లాగుతూ నొక్కుతూ ఉంటుంది. ఆ పని ఉన్నన్నాళ్లే శరీరం ఆ ఎముకను పోషిస్తుంది. పన్ను పోయిన ఏడాది లోపల అక్కడ ఎముక వెడల్పు సుమారు సగానికి తగ్గుతుంది. అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే తగ్గిపోతుంది.

ఇంతకీ మా వాళ్ల పళ్లు ఎలా పోయాయో చెబుతాను. మా కొల్లూరు కృష్ణ కరకట్ట పక్కన ఉంటుంది. కట్ట దిగితే లంకలు, అరటి, పసుపు, కంద. కట్ట ఎక్కితే ఇటుక బట్టీలు. మా చిన్నతనంలో వేపపుల్ల దొరకని పొద్దున ఇటుక పొడితోనే తోముకునేవాళ్లం. పళ్లు తళతళా మెరిసేవి, పెద్దవాళ్లూ మెచ్చుకునేవారు. ఆ మెరుపు వెనక జరిగింది ఇదీ: మన ఒంట్లో అన్నిటికన్నా గట్టిది పంటి మీది ఎనామెల్. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో దానికి ఇంచుమించు 5 వస్తుంది. ఇటుకలో ఉండే ఇసుక రేణువు క్వార్ట్జ్, దానికి 7. గట్టిది మెత్తనిదాన్ని అరగదీస్తుంది, అరిగిన ఎనామెల్ మళ్లీ పుట్టదు. దానికి తోడు సున్నం రాసిన తమలపాకులో పొగాకు కాడ పెట్టుకునే అలవాటు ఉండేది. అలా పళ్లు పోగొట్టుకున్న తరం మాది. ఇప్పటి పిల్లలు ఇటుక పొడి ముట్టరు గానీ, చాక్లెట్టు తిని నోరు పుక్కిలించకుండా పడుకుంటారు. దారి వేరు, చేరే చోటు అదే.

పెసర్లంక నుంచి వచ్చిన ఒక రైతు మొన్న అడిగాడు: "బాబాయ్, తెనాల్లో డాక్టరుగారు ఫిక్స్‌డ్ పన్ను పెట్టించుకోమన్నారు. తీసి పెట్టుకునేది కాదంట. ఆ ఫిక్స్ చేసేది దేనికి? ఎముకకా, చిగురుకా?"

ఎంత సరైన ప్రశ్న! చాలామంది రంగు గురించీ ఖరీదు గురించీ అడుగుతారు గానీ ఇది అడగరు. జవాబు: ఎముకకూ కాదు, చిగురుకూ కాదు. పక్క పళ్లకు.

పెనుమూడి వారధి మీద రేపల్లె నుంచి అవనిగడ్డ వైపు వెళ్లినవాళ్లు కింద స్తంభాలు చూసే ఉంటారు. రెండు స్తంభాల నడుమ రోడ్డుకు కింద ఏ ఆధారమూ లేదు. లారీ నడుమకు వచ్చినప్పుడు దాని బరువంతా అటూ ఇటూ ఉన్న స్తంభాల్లోంచి ఏటి అడుక్కి దిగుతుంది. డాక్టరుగారు చెప్పిన ఆ ఫిక్స్‌డ్ పన్నును బ్రిడ్జి అంటారు, అది పని చేసే తీరూ ఇంతే. ఊడిన పన్నుకు ముందున్నదాన్నీ వెనకున్నదాన్నీ అరగదీసి రెండింటికీ క్యాపులు చేస్తారు. ఆ రెండు క్యాపులకూ నడుమ ఒక ఉత్తుత్తి పన్ను. మూడూ కలిపి ఒకే ముక్క. సిమెంటుతో అతికించేది ఆ చివరి రెంటిని మాత్రమే. నడిమి పన్ను చిగురును తాకీ తాకనట్టు ఉంటుంది, దాని మీద బరువు మోపదు. గట్టిగా కొరికితే దవడ పళ్ల మధ్య యాభై కిలోల బరువుకు మించిన నొక్కు పుట్టగలదు. ఆ నొక్కంతా పక్క పళ్ల వేళ్లే మోయాలి.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఇటలీలో ఎట్రుస్కన్ల సమాధుల్లో 2,600 ఏళ్ల కిందటి బంగారు పట్టీలు దొరికాయి. లేని పన్ను చోట వేరే పన్ను పెట్టి, బంగారు రేకుతో పక్క పళ్లకు చుట్టి బిగించారు. అరగదీయడం, సిమెంటు వాళ్లకు తెలియవు. పక్క పళ్లకు కట్టాలని మాత్రం తెలుసు.

మరి ఆ పక్క పళ్లు మోయగలవా? దీనికి ఒక లెక్క ఉంది. కెనడా దంతవైద్యుడు యాంటే 1926లో చెప్పాడు: ఆధారంగా నిలిచే పళ్ల వేళ్ల ఉపరితలం మొత్తం, లేని పళ్ల వేళ్ల ఉపరితలానికి తగ్గకూడదు. కింది వరసలో మొదటి పెద్ద దవడ పన్ను వేళ్లు సుమారు 430 చదరపు మిల్లీమీటర్లు. దాని వెనక పన్ను వేళ్లు ఇంచుమించు అంతే, 425 దాకా. ముందున్న చిన్న దవడ పన్నుకు 205 చిల్లర. ఆ పెద్ద పన్ను ఒక్కటే పోతే, మోసేవాళ్ల బలం 630, మోయాల్సిన బరువు 430. హాయిగా సరిపోయింది. పెద్ద పన్నుతో పాటు దాని ముందున్న చిన్న పన్నూ పోయిందనుకోండి. మోయాల్సింది 635 దాటింది. మిగిలిన ఆధారాలు వెనక పన్ను 425, ఇంకా ముందున్న చిన్న పన్ను 180. కూడితే 605. లెక్క తప్పింది. ఇంకో పన్నును ఆధారంగా కలుపుకోవాలి, లేదా వేరే దారి చూసుకోవాలి. యాంటే మాటను డాక్టర్లు ఇప్పుడు శిలాశాసనంగా పట్టుకోరు. చిగుళ్లు శుభ్రంగా, ఆరోగ్యంగా ఉంటే కొంత ఎముక తగ్గిన పళ్లు కూడా బ్రిడ్జిని ఏళ్ల తరబడి మోశాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది. అయినా మొదటి అంచనాకు ఆ లెక్క ఇప్పటికీ పనికొస్తుంది.

దీని మీద ఇంకో లెక్క ఉంది, అది ఇంజనీర్లది. రెండు కొసల మీద ఆనిన దూలం మీద బరువు పెడితే నడుమ వంగుతుంది కదా. పొడవు రెట్టింపైతే ఆ వంపు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు. మూడింతలైతే ఇరవై ఏడు రెట్లు. అంటే పొడవు ఘనంతో పెరుగుతుంది. ఒక పన్ను ఖాళీకి భేషుగ్గా నిలిచే బ్రిడ్జి, అదే మందంతో మూడు పళ్ల ఖాళీకి కడితే లోలోపల వంగి పైనున్న పింగాణీ పగులుతుంది, లేదా ఒక కొసన సిమెంటు వదిలేస్తుంది. "ఎలాగూ ఖర్చు పెడుతున్నాం, అన్నీ కలిపి ఒకటే పొడుగ్గా వేసెయ్యండి డాక్టరుగారూ" అని అడిగేవాళ్లు ఈ ఎనిమిది, ఇరవై ఏడు గుర్తుపెట్టుకోవాలి.

మా మనవరాలు ఇంటర్ చదువుతోంది. ఈ లెక్కలు వింటూ అడ్డొచ్చింది: "తాతయ్యా, వేరు ఎముకకు అతుక్కుని ఉంటుందా?"

అతుక్కుని ఉండదమ్మా. వేరుకూ ఎముకకూ నడుమ సన్నటి సందు ఉంది, పావు మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ సందు నిండా సన్నని పీచులు, ఒక కొస ఎముకలో, ఒక కొస వేరులో. పన్ను ఆ పీచుల మీద వేలాడుతోంది. గట్టిగా కొరికినప్పుడు దెబ్బ నేరుగా ఎముకకు తగలకుండా కాపాడేవి అవే. అక్కడి నరాలు ఎంత చురుకైనవంటే, అన్నంలో ఒక్క ఇసుక రేణువు పంటి కింద పడితే దవడ టక్కున ఆగిపోతుంది. వెంట్రుక కన్నా సన్నటి మందాన్ని కూడా పళ్లు పసిగడతాయి.

ఆ పీచు కొల్లాజెన్ అనే ప్రోటీను. మన చర్మంలో, పశువుల తోలులో ఉండేదీ అదే. దాని అణువు మూడు పేటలుగా మెలితిరిగి ఉంటుందని 1954-55లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి తేల్చారు. అదే మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థను 1958 నుంచి నడిపించింది మన యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు. తోలు మీద ఆయన చేసిన పనంతా ఈ కొల్లాజెన్ మీదే. పచ్చి తోలు కుళ్లకుండా చెప్పుగా, సంచిగా మారాలంటే ఈ పీచునే కట్టడి చెయ్యాలి. మన పక్క ఊళ్లో పుట్టినాయన ప్రపంచానికి చెప్పిన శాస్త్రం, మన ప్రతి పంటి చుట్టూ ఉన్న పావు మిల్లీమీటరు సందులోనూ ఉంది. ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పళ్ల మీద గార పేరుకుంటే చిగురు వాస్తుంది, వాచిన చిగురు కింద ఈ పీచులూ వాటిని పట్టుకున్న ఎముకా కరిగిపోతాయి. షుగరు అదుపులో లేనివాళ్లకు ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. పన్ను పైకి చక్కగానే ఉంటుంది, వేలితో కదిపితే కదులుతుంది. అలాంటి పన్ను మీద బ్రిడ్జి కట్టడమంటే ఉన్నదాన్నీ పోగొట్టుకోవడమే. అందుకే బ్రిడ్జి అనుకున్నప్పుడు లేని పన్ను గురించి కాదు, ఉన్న పక్క పళ్ల గురించి అడగండి. ఎక్స్‌రే తీయించారా? వేళ్ల చుట్టూ ఎముక ఎంత ఉంది? గార తీయించాలా? షుగరు ఎంత ఉంది? చిగుళ్లు బాగయ్యాకే బ్రిడ్జి అనే డాక్టరును నమ్మండి.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. క్యాపు ఎక్కాలంటే పక్క పన్నును చుట్టూ ఒకటి ఒకటిన్నర మిల్లీమీటర్లు, పైన రెండు మిల్లీమీటర్ల దాకా అరగదీస్తారు. పూర్తి క్యాపుకైతే చిగురు పైన కనపడే పన్నులో మూడింట రెండు వంతుల దాకా పోతుంది. ఆ పన్ను అంతకు ముందే పెద్ద పుచ్చుతోనో, పాత సిమెంటుతోనో, రూట్ కెనాల్‌తోనో ఉంటే ఎలాగూ క్యాపు కావాల్సిందే, బాధ లేదు. మచ్చలేని పన్నును అంత అరగదీయడానికి మాత్రం మనసొప్పకూడదు. అలాంటప్పుడు ఇంప్లాంటు అనే దారి ఉంది. ఎముక టైటానియంను తనలో కలుపుకుంటుందని స్వీడన్ వైద్యుడు బ్రోనెమార్క్ కుందేళ్ల మీద గమనించి, 1965లో మొదటిసారి మనిషి దవడలో ఆ స్క్రూలు బిగించాడు. పక్క పళ్ల జోలికి వెళ్లకుండా ఎముకలోనే వేరు పాతడమన్న మాట. దానికి సరిపడా ఎముక ఉండాలి, నెలల తరబడి ఓపిక పట్టాలి, ఖర్చూ ఎక్కువ. ముందు పళ్లలో ఒక్కటే పోతే, పన్నును ఎక్కువ అరగదీయకుండా వెనక వైపు చిన్న రెక్కతో అతికించే బ్రిడ్జి కూడా ఉంది.

బ్రిడ్జే సరైనదని తేలితే ఆ తయారీ చూడముచ్చటగా ఉంటుంది. ముందు మత్తు సూది, అరగదీయడం, తర్వాత కొలత తీయడం. తొట్టిలో పెట్టి నోట్లో నొక్కే ఆ మెత్తటి ముద్దల్లో ఒకటి ఆల్జినేట్, సముద్రపు నాచులోంచి తీస్తారు. అసలు కొలతకు ఎక్కువగా సిలికాన్ ముద్ద వాడతారు. ఆ అచ్చులో గట్టి జిప్సం పోసి మన పళ్ల నమూనా తీస్తారు. దాని మీద ల్యాబులో మైనంతో బ్రిడ్జి చెక్కి, చుట్టూ వేడికి తట్టుకునే పొడి ముద్ద పోసి, కొలిమిలో పెట్టి మైనం కరిగించేస్తారు. ఖాళీ అయిన ఆ గదిలోకి నికెల్-క్రోమియం లోహాన్ని కరిగించి విసురుగా పంపిస్తారు. లోహం చల్లారితే కుదించుకుంటుంది, కుదించుకుంటే పన్ను మీద ఎక్కదు. అందుకని చుట్టూ పోసే ఆ పొడే వేడికి అంతకు అంత ఉబ్బేలా కలుపుతారు. క్యాపు అంచుకూ పన్నుకూ నడుమ ఇంచుమించు మిల్లీమీటరులో పదో వంతుకు మించి సందు ఉండకూడదు మరి.

ఈ మైనపు పోతను పళ్ల పనిలో వాడుకలోకి తెచ్చింది 1907లో అమెరికా దంతవైద్యుడు విలియం టాగర్ట్. పద్ధతి మాత్రం మన నేలకు పాతదే. బాపట్ల పక్కన కర్లపాలెం మండలం బుద్దాంలో దొరికిన కంచు బుద్ధ విగ్రహాలు ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. సుమారు 1,400 ఏళ్ల కిందట వాటిని పోసింది మైనం కరిగించే ఈ పద్ధతిలోనే. మన జిల్లాలో దొరికిన బుద్ధుడి వస్త్రం మడతలూ, తెనాల్లో పెట్టించుకునే దవడ పన్ను గుంటలూ ఒకే విద్య.

లోహం మీద పింగాణీని పొరలు పొరలుగా రాసి కాలిస్తే అది మెటల్ సెరామిక్ బ్రిడ్జి. ఇప్పుడు లోహమే లేని జిర్కోనియా వచ్చింది. కంప్యూటరులో బొమ్మ గీసి, సుద్దలా ఉన్న దిమ్మలోంచి మిషన్‌తో చెక్కి, 1,450 డిగ్రీల పైన కాలుస్తారు. కాలేటప్పుడు అయిదో వంతుకు పైగా కుదించుకుంటుంది కాబట్టి ముందే అంత పెద్దదిగా చెక్కుతారు. పింగాణీ గిన్నె కింద పడితే పగుళ్లు సర్రున పాకుతాయి. జిర్కోనియాలో అలా పాకవు. పగులు కొస దగ్గరికి రాగానే అక్కడి స్ఫటికాలు రూపం మార్చుకుని కొద్దిగా ఉబ్బుతాయి, ఆ ఉబ్బుతో పగులును అక్కడే నొక్కి పట్టేస్తాయి. ఇందులోని జిర్కోనియం వచ్చేది జిర్కాన్ అనే ఖనిజం నుంచి. మన కోస్తా తీరపు ఇసుకల్లో అదీ ఉంది. హైదరాబాదులో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో అణు ఇంధనం నింపే గొట్టాలు చేసేదీ ఈ జిర్కోనియంతోనే. జిర్కోనియా ఖరీదు ఎక్కువ. నికెల్ పడనివాళ్లకు మాత్రం ఆ ఖరీదు పెట్టడం న్యాయమే. మిగతావాళ్లకు మంచి మెటల్ సెరామిక్ బ్రిడ్జి ఏమీ తక్కువది కాదు.

చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవాళ్లు భయపడి ఆగిపోవద్దు. గుంటూరు పక్క తక్కెళ్లపాడులో సిబార్ దంత వైద్య కళాశాల, విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నాయి. అలాంటి బోధనాసుపత్రుల్లో ప్రొఫెసర్లు పక్కన ఉండగా విద్యార్థులు చేస్తారు. ఎక్కువసార్లు తిరగాలి గానీ ఖర్చు కలిసొస్తుంది.

నాకు గుండె మండే సంగతి ఒకటుంది. సంతల్లో, రోడ్డు పక్కన, చదువూ రిజిస్ట్రేషనూ లేనివాళ్లు "గంటలో ఫిక్స్‌డ్ పన్ను" అని కూర్చుంటారు. వాళ్లు చేసేది పక్క పళ్లకు తీగ చుట్టి, చిగురు మీదే ప్లాస్టిక్ పిండి ముద్ద అద్ది గట్టిపడనివ్వడం. అది పోసినప్పుడే చిగురును కాలుస్తుంది, కింద తిండి చేరి కుళ్లుతుంది, కడగడానికి సందుండదు. రెండు మూడేళ్లకు ఒక పన్ను లేనివాడు మూడు పళ్లు లేనివాడవుతాడు. రిజిస్టరు కానివాళ్లు ఈ వైద్యం చెయ్యడం చట్టం ప్రకారం నేరం. డాక్టరు పేరు రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో ఉందా అని అడగడానికి మొహమాటపడకండి.

"పెట్టించుకున్నాక ఎన్నాళ్లుంటుంది బాబాయ్?" అన్నాడు పెసర్లంక రైతు. సరిగ్గా చేసిన బ్రిడ్జిల్లో పదింట తొమ్మిది దాకా పదేళ్ల తర్వాత కూడా నోట్లోనే ఉంటున్నాయని పరిశోధనలు చెబుతున్నాయి. పాడయ్యేవి ఎక్కువగా పాడయ్యేది ఆ పక్క పళ్ల దగ్గరే, క్యాపు అంచు కింద పుచ్చుపట్టి. క్యాపు పుచ్చదు, దాని కింద ఉన్న మన పన్ను పుచ్చుతుంది. మామూలు బ్రష్షు నడిమి పన్ను అడుక్కి వెళ్లదు. అందుకు మందుల షాపుల్లో, పళ్ల డాక్టర్ల దగ్గర సన్నటి సీసాబ్రష్షు ఆకారంలో చిన్న బ్రష్షులు, ఒక కొస గట్టిగా ఉండే దారం దొరుకుతాయి. గట్టి కొసను పక్క నుంచి బ్రిడ్జి కిందికి దూర్చి, దారాన్ని అటూ ఇటూ నాలుగుసార్లు లాగాలి. రాత్రి భోజనం అయ్యాక రోజూ చెయ్యాలి. మొదట్లో చేత కాదు, రక్తం కూడా కొంచెం రావచ్చు. వారం పది రోజుల్లో చిగురు గట్టిపడి రక్తం ఆగుతుంది. ఆగకపోతే డాక్టరుకు చూపించండి. పోకచెక్కలు, తేగల పీచు, చెరుకు గడలు ఆ వైపు పెట్టి చీల్చకండి. తేగను ముక్కలు చేసుకుని నమిలితే సరిపోతుంది. ఆరు నెలలకోసారి చూపించుకోండి.

ఎప్పుడైనా బ్రిడ్జి వదులై ఊడొస్తే, కొంపలంటుకున్నట్టు కంగారు పడక్కర్లేదు. దాన్ని పారేయకుండా డబ్బాలో పెట్టి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి. చాలాసార్లు అదే మళ్లీ అతికిస్తారు. ఇంట్లో ఉన్న జిగురుతో మాత్రం అంటించుకోవద్దు. ఈ నెల కాకపోతే వచ్చే నెల అనీ ఆగవద్దు. క్యాపు లేని ఆ అరగదీసిన పళ్లకు ఎనామెల్ రక్షణ లేదు, వారాల్లోనే పుచ్చుపడతాయి, కదిలి చోటు మారితే ఆ బ్రిడ్జి ఇక వాటి మీద ఎక్కదు.